ఆన్‌లైన్ చదువు.. ఒంటరిగా కాదు, నలుగురితో!

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

2011లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ సెబాస్టియన్ థ్రన్, గూగుల్‌లో పనిచేసే పీటర్ నార్విగ్ కలిసి ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కోర్సుని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. దాదాపు 1,60,000 మంది చేరారు. పూర్తిచేసింది సుమారు 23,000 మంది. మరుసటి ఏడాది, అంటే 2012 మార్చిలో, ఎంఐటీఎక్స్ పేరుతో మొదటి కోర్సు మొదలైంది. సబ్జెక్టు సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్. పేరిచ్చినవాళ్ళు దాదాపు 1,55,000 మంది. పాసైనవాళ్ళు 7,157 మంది. నూటికి ఐదుగురు కూడా లేరు!

చేరినవాళ్ళంతా పాసవ్వాలనే చేరలేదు, నిజమే. ఊరికే తొంగిచూసి వెళ్ళినవాళ్ళూ ఉంటారు. అయినా ఆలోచించండి. పాఠం అందరికీ ఒకటే. మాస్టారూ ఒకరే. ఫీజు లేదు, బస్సు ఎక్కే పని లేదు. మరి కొందరు ఎందుకు నిలబడ్డారు? ఎక్కువమంది ఎందుకు జారిపోయారు?

తెలివి తేడా అనుకుంటే పొరపాటే. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. పనిచేసేది హైదరాబాద్‌లో, బీటెక్ చదివింది ఓ చిన్న టౌన్ కాలేజీలో. నా చుట్టూ ఆన్‌లైన్‌లో నేర్చుకుని బాగుపడ్డవాళ్ళున్నారు, ఆన్‌లైన్‌లోనే డబ్బులూ టైమూ పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి ఫోన్లలోనూ ఒకే యాప్‌లు. తేడా అల్లా ఒక్కటే. మొదటివాళ్ళ పక్కన ఎవరో ఒకరున్నారు. రెండోవాళ్ళు ఒంటరిగా చదివారు.

గాజులు తాకట్టు దాకా వెళ్ళిన కోర్సు

పోయినేడాది మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి, అంటే మా తమ్ముడు, అప్పుడు బీటెక్ ఫైనలియర్. ఏదో కోచింగ్ వాళ్ళు ఎనభై వేలకి కోర్సు ఇస్తామన్నారట. జాబ్ గ్యారంటీ అట. ఈఎంఐ కూడా ఉందట. "ఈఎంఐ ఎందుకురా, వడ్డీ దండగ. నా గాజులు పెట్టి ఒకేసారి కట్టేద్దామనుకుంటున్నా. నువ్వేమంటావు?" అంది.

తమ్ముణ్ణి లైన్‌లోకి తీసుకున్నాను. ఇప్పటిదాకా ఏం చదివావురా అంటే లింకులు పంపాడు. మొత్తం 23 సర్టిఫికెట్లు! పైథాన్, జావా, క్లౌడ్, మెషీన్ లెర్నింగ్, సైబర్ సెక్యూరిటీ.. లేనిది లేదు. "మరి ఇంకో కోర్సు ఎందుకు?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "అన్నయ్యా, క్యాంపస్ ఇంటర్వ్యూలో మెర్జ్ సార్ట్ చెప్పమన్నారు. ఆ వీడియో మూడుసార్లు చూశా. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు."

వాడు బద్ధకస్తుడు కాదు. రాత్రి పన్నెండింటిదాకా కూర్చునే రకం. కానీ ఆ కూర్చోవడమంతా చూడటానికే సరిపోయింది. చూసినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది. అదే ఇందులో మాయ. మాస్టారు బోర్డు మీద గబగబా లెక్క చేస్తుంటే మనకే వచ్చేసినట్టు అనిపించదూ, అలాగన్నమాట!

దీని మీద 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం బాగా పేరున్నది. ఒక గుంపు విద్యార్థులు ఒక పేరాని మళ్ళీ మళ్ళీ చదివారు. ఇంకో గుంపు ఒక విడత చదివి, ఆ తర్వాత చూడకుండా గుర్తుతెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. కానీ వారం తర్వాత అడిగితే సీన్ రివర్స్! చదువుతూ కూర్చున్నవాళ్ళకి దాదాపు 40 శాతం గుర్తుంది. గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళకి దాదాపు 61 శాతం. 

మా తమ్ముడి సర్టిఫికెట్లన్నీ ఆ 'ఐదు నిమిషాల' బాపతు. వీడియో అవ్వగానే క్విజ్, క్విజ్ అవ్వగానే సర్టిఫికెట్. ఇంటర్వ్యూ మాత్రం వారం తర్వాత కాదు, ఆరు నెలల తర్వాత వస్తుంది.

పిన్నితో ఒకటే మాట చెప్పాను. "గాజులు ఎక్కడికీ పోవు పిన్నీ. మూడు నెలలు ఆగు."

అసలు మూక్ పుట్టింది ఇందుకు కాదు!

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. వేలమంది చదివే ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్ని మూక్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. ఆ మాట స్టాన్‌ఫర్డ్‌లోనో, ఎంఐటీలోనో పుట్టలేదు. 2008లో కెనడాలో పుట్టింది.

ఆ ఏడాది జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అనే ఇద్దరు మానిటోబా యూనివర్సిటీ తరఫున ఒక కోర్సు పెట్టారు. ఫీజు కట్టి చేరినవాళ్ళు పాతిక మంది దాకా. "తలుపులు తెరిచేద్దాం, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు" అన్నారు. ప్రపంచం నలుమూలల నుంచీ రెండువేల మందికి పైగా వచ్చారు! అది చూసి డేవ్ కార్మియర్ అనే మరో కెనడా అధ్యాపకుడు దానికి మూక్ అని పేరు పెట్టాడు.

ఆ కోర్సు నడిచిన తీరు చూస్తే ఇప్పటి యాప్‌లకి పూర్తిగా ఉల్టా. ఒకే వీడియో, ఒకే క్విజ్ అన్న పద్ధతి లేదు. ప్రతి ఒక్కరూ వాళ్ళకి తోచింది చదివి, వాళ్ళ మాటల్లో వాళ్ళ చోట రాసుకునేవాళ్ళు. ఆ రాతలన్నిటినీ ఒకచోట చేర్చి అందరికీ పంపేవారు. ఒకరు రాసినదానికి మరొకరు జవాబు రాసేవారు. డౌన్స్ చెప్పింది నాలుగు పనులు. పోగు చెయ్యి, కలిపి చూడు, నీ పనికి తగ్గట్టు మార్చుకో, పదిమందికీ పంచు.

వీళ్ళ సిద్ధాంతం పేరు కనెక్టివిజం. ఇంజినీరు భాషలో చెప్పాలంటే, జ్ఞానం ఒక సర్వర్‌లో ఉండి మన ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అయ్యే ఫైల్ కాదు. అదొక నెట్‌వర్క్. ఏ మనిషికి ఏం తెలుసు, ఏ పుస్తకంలో ఏముంది, ఏ ప్రశ్నని ఎవర్ని అడగాలి.. ఈ దారులు వేసుకోవడమే నేర్చుకోవడం.

తర్వాత వచ్చిన పెద్ద కంపెనీలు ఇందులోంచి 'ఉచితం', 'వేలమంది' అన్న రెండు ముక్కలు తీసుకున్నాయి. మనుషుల మధ్య దారులు అన్న మూడో ముక్క చాలాచోట్ల పక్కకి వెళ్ళిపోయింది. మిగిలింది వీడియో!

మంగోలియా కుర్రాడి వెనక ఎవరున్నారు?

మొదట్లో చెప్పిన ఎంఐటీ కోర్సు దగ్గరికి మళ్ళీ వెళ్దాం. అందులో పూర్తి మార్కులు తెచ్చుకున్న కొద్దిమందిలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్‌కి చెందిన పదిహేనేళ్ళ స్కూలు కుర్రాడు ఒకడు. అప్పట్లో ప్రపంచమంతా వాడి గురించే మాట్లాడుకుంది. 'ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎవరైనా ఎక్కడినుంచైనా చదివేయొచ్చు' అనడానికి వాణ్ణి ఉదాహరణగా చూపించారు.

కానీ కథలో సగం ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. ఆ స్కూలు ప్రిన్సిపల్ ఎంఐటీలో చదివి వచ్చిన మొదటి మంగోలియన్. ఈ కోర్సు సంగతి తెలియగానే తన స్కూలు పిల్లల్ని గుంపుగా చేర్పించాడు. వీడియో ఒక్కటే చాలదని, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న స్నేహితుణ్ణి రప్పించాడు. ఆయన ల్యాబ్ సామాను వెంట తెచ్చి, పిల్లల చేత చేతుల్తో సర్క్యూట్లు కట్టించాడు. ఇక మన కుర్రాడు తను నేర్చుకున్నదాన్ని మంగోలియన్ భాషలో వీడియోలు చేసి తోటిపిల్లల కోసం యూట్యూబ్‌లో పెట్టాడు.

చూశారా! పాఠం అమెరికాది. కానీ పక్కన మాస్టారున్నాడు, చేతిలో పరికరాలున్నాయి, చుట్టూ క్లాస్‌మేట్లున్నారు, సొంత భాషలో మాటలున్నాయి. ఇవన్నీ కలిస్తేనే ఆ మార్కులు.

ఇది ఒక్క కుర్రాడి కథ కాదు. ఆ కోర్సు చేసినవాళ్ళ వివరాలతో పరిశోధకులు లెక్కలు వేశారు. మిగతా అంశాలన్నీ సమానంగా ఉన్నప్పుడు, క్లాస్‌మేట్‌తోనో, సబ్జెక్టు తెలిసిన మనిషితోనో ఆఫ్‌లైన్‌లో కలిసి పనిచేసినవాళ్ళ స్కోరు ఒంటరిగా చేసినవాళ్ళ కంటే దాదాపు మూడు పాయింట్లు ఎక్కువుంది. కలిసి చదవడం వల్లే పెరిగిందని దీంతోనే కొట్టిచెప్పలేం. కానీ ఏ వైపు చూడాలో మాత్రం చెప్తోంది.

అక్క వాట్సాప్ గ్రూపులో సగం దోసె

నేర్చుకునేది పిల్లలే అనుకుంటాం. టీచర్ల సంగతి?

మా పెద్దనాన్నగారి అమ్మాయి జిల్లాపరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆన్‌లైన్ ట్రైనింగ్ అంటే మొదట్లో చిరాకుపడేది. 2017 టీచర్స్ డే నాడు కేంద్రం దీక్ష ప్లాట్‌ఫాం తెచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు చూస్తుంటారు కదా, స్కాన్ చేస్తే పాఠం వచ్చేది, అదే ఇది. 2020లో కరోనా వల్ల నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కూడా దీక్షలోకే మారింది. "వంట చేసుకుంటూ ఒక పక్క వీడియో పెట్టేసేవాళ్ళమురా. అది ఆడేది, మేము కూర తిప్పేవాళ్ళం" అని నవ్వుతుంది అక్క.

ఆమెకి నిజంగా ఉపయోగపడింది వేరే. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో కలిసిన పదకొండు మంది లెక్కల టీచర్లు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. గుడ్‌మార్నింగ్ పూల బొమ్మలు నిషేధం. సర్క్యులర్లు వేరే గ్రూపులో. ఇందులో పెట్టాల్సింది ఒక్కటే.. పిల్లల తప్పు జవాబు ఫోటో. పేరు కనపడకుండా కత్తిరించి పెట్టాలి. కింద ఒక్క ప్రశ్న. 'ఈ పిల్లాడు ఏమనుకుని ఇలా రాసుంటాడు?'

ఒకసారి అక్క పెట్టిన ఫోటోలో లెక్క ఇది. ఒకటి బై రెండుకి ఒకటి బై మూడు కలపాలి. పిల్లాడు రెండు బై ఐదు అని రాశాడు. పైన లవాలు కలిపాడు, కింద హారాలు కలిపాడు. క్లాసులో సగంమంది అదే రాశారట. అక్క క.సా.గు. పద్ధతి మూడుసార్లు చెప్పింది. పరీక్షలో మళ్ళీ రెండు బై ఐదే!

గ్రూపులో ఒక మాస్టారు కాగితం మడతపెట్టి చూపించమన్నారు. ఇంకొకావిడ రంగుల పట్టీలు చెయ్యమన్నారు. అక్క కాగితం మడత ప్రయత్నించింది. క్లాసు మొత్తం విమానాలు చేసుకున్నారు. ఆ సంగతి కూడా గ్రూపులో పెట్టింది. అప్పుడు ఎప్పుడూ మాట్లాడని ఒక సీనియర్ టీచర్ రాశారు. 'అమ్మా, క.సా.గు. పక్కన పెట్టండి. సగం దోసె తిన్నావు. ఇంకో దోసెలో మూడో వంతు తిన్నావు. మొత్తం కలిపితే సగం కంటే ఎక్కువ తిన్నట్టా, తక్కువ తిన్నట్టా.. ఇది అడగండి.'

మర్నాడు అడిగితే క్లాసంతా "ఎక్కువ!" అన్నారు. "మరి మీరు రాసిన రెండు బై ఐదు సగం కంటే ఎక్కువా?" అంది. కాసేపు నిశ్శబ్దం. ఐదులో సగం రెండున్నర. రెండంటే సగం కంటే తక్కువ. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల "టీచర్, మేము తిన్నకొద్దీ తగ్గిపోయిందేంటి!" అందట. ఆ తర్వాతే క.సా.గు. ఎందుకో వాళ్ళు వినడానికి సిద్ధమయ్యారు.

ఆ సీనియర్ టీచర్ పనిచేసేది డెబ్భై కిలోమీటర్ల అవతల. ఆయన పాతికేళ్ళ అనుభవం ఒక్క మెసేజీలో అక్క క్లాసుకి వచ్చింది. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఉండాల్సింది ధైర్యం. "నా క్లాసులో ఇది అర్థం కాలేదు" అని తోటి టీచర్ల ముందు చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. మిగతా గ్రూపుల్లో బహుమతులు, సన్మానాలు కనిపిస్తాయి. ఈ గ్రూపులో కనిపించేది అర్థంకాని లెక్కలే. అందుకే అది పనిచేస్తోంది.

నలుగురు, ఒక కోర్సు, ఆదివారం రాత్రి

అక్క గ్రూపు చూశాకే నాకు మా తమ్ముడి విషయంలో ఏం చెయ్యాలో తట్టింది.

ముందు ఒక కోర్సు ఎంచుకున్నాం. 24వది అనుకోకండి, ఇది వేరే రకం. ఎన్‌పీటెల్ పేరు ఇంజినీరింగ్ పిల్లలకి కొత్త కాదు. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టాయి. చేరడం ఫ్రీ, వీడియోలు ఫ్రీ, అసైన్‌మెంట్లు ఫ్రీ. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, సెంటర్‌కి వెళ్ళి పరీక్ష రాయాలి. మార్కుల్లో 25 శాతం వారంవారం అసైన్‌మెంట్లకి, 75 శాతం ఆ పరీక్షకి. ఇంట్లో కూర్చుని క్లిక్కులతో అయ్యేది కాదు కాబట్టే దానికి విలువ. చాలా కాలేజీల్లో లోకల్ చాప్టర్ అని ఉంటుంది, దానికో లెక్చరర్ బాధ్యుడుగా ఉంటారు. ఇంకో మాట. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం పోర్టల్‌లో చదివి క్రెడిట్లు తెచ్చుకోనిచ్చే వీలుంది. మీ కాలేజీ ఇస్తోందో లేదో ఒకసారి ఆఫీసులో అడగండి.

మేం తీసుకున్నది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పే పైథాన్ డేటా స్ట్రక్చర్స్ కోర్సు. ఎనిమిది వారాలు.

తర్వాత మనుషులు. తమ్ముడు తన క్లాసులోంచి ముగ్గుర్ని పట్టుకొచ్చాడు. ఇద్దరబ్బాయిలు, ఒకమ్మాయి. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి గూగుల్ మీట్. ఆ టైమెందుకంటే, ఆ అమ్మాయి ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్. తమ్ముడు పడుకున్నాకే ఆమె చేతికి వస్తుంది. డేటా అయిపోతే వాయిస్ మెసేజీలు, నోట్సు ఫోటోలు. వీడియో ఆన్ చెయ్యమని ఎవరూ అడగకూడదన్నది మొదటి రూలు.

రెండో రూలు.. మీట్‌లో వీడియో పాఠాలు చూడకూడదు. అవి ఎవరికి వాళ్ళు వారంలో చూసుకుని రావాలి. మీట్‌లో ఒక్కొక్కరూ పది నిమిషాలు చెప్పాలి. పుస్తకం చూడకుండా. మిగతా ముగ్గురూ ప్రశ్నలు వెయ్యాలి.

మొదటి ఆదివారాలు చూడాల్సింది! మా తమ్ముడు మెర్జ్ సార్ట్ చెప్తున్నాడు. "లిస్టుని సగానికి కోస్తాం, మళ్ళీ సగానికి కోస్తాం.." ఆ అమ్మాయి ఆపింది. "ఎక్కడిదాకా కోస్తాం? ఎప్పుడు ఆగాలి?" వాడు ఆగిపోయాడు. మూడుసార్లు చూసిన వీడియోలో ఆ ప్రశ్న వాడికి ఎప్పుడూ రాలేదు. వీడియో వాణ్ణి ప్రశ్న అడగదు కదా!

అప్పుడు రెండో కుర్రాడు పేకముక్కలు తెచ్చాడు. ఎనిమిది ముక్కలు. సగం చేస్తే నాలుగు, మళ్ళీ సగం చేస్తే రెండు, మళ్ళీ చేస్తే ఒకటి. ఒక్క ముక్కని సర్దే పనేముంది? అక్కడ ఆగాలి. ఇక పైకి కలుపుకుంటూ రావడమే. రెండు వరసల్లోనూ పైముక్కలు పోల్చి, చిన్నది తీసి పక్కన పెట్టడం. ఎనిమిదికి మూడు అంచెలు, పదహారుకి నాలుగు అంచెలు. ముక్కలు రెట్టింపైతే అంచె ఒక్కటే పెరుగుతుంది. లాగ్ అనే మాట ఎందుకొచ్చిందో ఆ రాత్రి నలుగురికీ అర్థమైంది.

ప్రశ్న అడగడం కూడా ఒక విద్యే

నా ఉద్యోగంలో రోజూ కనపడే సంగతి ఇది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచి పెద్ద దిక్కు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన సమస్యకి జవాబిస్తారు. కానీ ప్రశ్న సరిగ్గా అడిగితేనే.

'సర్, కోడ్ రావట్లేదు, ప్లీజ్ హెల్ప్' అని రాస్తే దేవుడు కూడా చెప్పలేడు. అదే ఇలా రాయండి. నేను చెయ్యాలనుకున్నది ఇది. నేను రాసింది ఇది. ఇలా వస్తుందనుకున్నా, ఇలా వచ్చింది. ఇప్పటిదాకా ఈ రెండూ ప్రయత్నించా. తమాషా ఏంటంటే, ఇలా రాసుకుంటూ ఉండగానే సగంసార్లు జవాబు మీకే దొరుకుతుంది. అక్క గ్రూపులో తప్పు జవాబు ఫోటో చేస్తున్నది కూడా ఇదే. సమస్యని అవతలివాళ్ళ కళ్ళముందు పెట్టడం.

ఇప్పుడు చేతిలో ఏఐ చాట్‌బాట్‌లు వచ్చేశాయి. ఇక మనుషులెందుకు అంటారేమో. నేను ఆఫీసులో రోజూ వాడతాను, మానమని చెప్పను. కానీ 'జవాబు చెప్పు' అంటే అది చెప్పేస్తుంది. అప్పుడు అది కూడా ఇంకో వీడియోనే. 'జవాబు చెప్పకు, నన్ను ప్రశ్నలడుగు. నేను ఎక్కడ తడబడ్డానో చెప్పు' అనండి, పనికొస్తుంది. అది తప్పు కూడా చాలా ధీమాగా చెప్తుంది కాబట్టి కోడ్ నడిపి చూసుకోండి, లెక్క చేసి చూసుకోండి. ఇంకోటుంది. ఈ వారం మీరు మీట్‌కి రాకపోతే 'ఏమైంది, రాలేదే?' అని అది ఫోన్ చెయ్యదు. ఆ అమ్మాయి చేస్తుంది.

అన్నీ మంచి గ్రూపులే కావు

నెట్‌వర్క్ అంటే అంతా మేలే అనుకోవద్దు. అసైన్‌మెంట్ జవాబులు పంచుకునే టెలిగ్రామ్ గ్రూపులు బోలెడు. అందులో చేరితే 25 మార్కులు వస్తాయి, 75 మార్కుల పరీక్షలో దొరికిపోతాం. వెయ్యిమంది ఉండే గ్రూపులో మన గొంతు వినపడదు. సబ్జెక్టు అసలు తెలియని నలుగురు కలిస్తే ఒకే తప్పుని నలుగురూ నమ్మే ప్రమాదమూ ఉంది. అందుకే కాస్త తెలిసిన ఒక మనిషి ఉండాలి. సీనియరో, లెక్చరరో, ఉద్యోగం చేస్తున్న అన్నో అక్కో. రోజూ అక్కర్లేదు, పదిహేను రోజులకోసారి అరగంట చాలు.

ఫోన్ అందరిదీ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2024 అసర్ సర్వేలో పల్లెల్లోని 14-16 ఏళ్ళ పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్ళు 76 శాతం. ఫోన్ వాడటం నేర్పాల్సిన పని ఇక లేదు. ఆ ఫోన్‌లో చదువుకి ఒక చోటు ఏర్పాటు చెయ్యాలి. ఆ పని టీచర్లకి బాగా చేతనవుతుంది. మంగోలియా ప్రిన్సిపల్ చేసింది అదే. ఆయన పాఠం చెప్పలేదు, పాఠం చుట్టూ మనుషుల్ని చేర్చాడు.

మరి మీరేం చెయ్యొచ్చు?

ఒక్క కోర్సు ఎంచుకోండి. ఒక్కటే. గడువు, అసైన్‌మెంట్లు ఉన్నదైతే మంచిది.

ముగ్గురు నలుగురిని కూడగట్టండి. ప్రాణస్నేహితులే కానక్కర్లేదు. టైముకి వచ్చేవాళ్ళయితే చాలు.

వారానికొక టైము పెట్టుకోండి. ఎవరి దగ్గర ఫోన్, డేటా తక్కువో వాళ్ళకి కుదిరే టైము పెట్టండి.

చూడకుండా చెప్పండి. తెలుగులోనే చెప్పండి. ఇంటర్వ్యూకి ఇంగ్లిష్ కావాలంటే రెండో విడత ఇంగ్లిష్‌లో చెప్పండి. ముందు అర్థం కావాలి, తర్వాత భాష.

అర్థం కానిదాన్ని రాసి పెట్టండి. వారానికొకటైనా. ఎవరిదీ ఖాళీగా ఉండకూడదు.

టీచర్లయితే మీ సబ్జెక్టు వాళ్ళతో చిన్న గ్రూపు పెట్టండి. పిల్లల తప్పు జవాబుల్తో మొదలుపెట్టండి. పిల్లల పేర్లు, ముఖాలు మాత్రం బయటికి రానివ్వొద్దు.

డబ్బు కట్టి కోర్సులో చేరేముందు మూడు ప్రశ్నలడగండి. నా పనిని మనిషి చూసి దిద్దుతాడా? నా బ్యాచ్‌లో ఎంతమంది? పోయిన బ్యాచ్‌లో నలుగురితో నేను మాట్లాడొచ్చా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే మీరు కొంటున్నది వీడియోలే. అవి ఫ్రీగా దొరుకుతున్నాయి.

మా తమ్ముడి సంగతి అడుగుతారేమో. ఆ నలుగురిలో ఒక అబ్బాయి ఐదో వారంలో మానేశాడు. వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగోక షాపులో కూర్చోవాల్సి వచ్చింది. మిగతా ముగ్గురూ పరీక్ష రాసి పాసయ్యారు. ఆ అమ్మాయికి ఓ చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. తమ్ముడికి ఇంకా రాలేదు. రెండు ఇంటర్వ్యూల్లో చివరి రౌండుదాకా వెళ్ళాడు. మార్కెట్ బాగాలేదు, అది వాడి చేతిలో లేదు. కానీ చెప్పమన్నది చెప్పగలిగాడు. మధ్యలో ఆపి "ఎక్కడ ఆగాలి?" అని అడిగితే తడబడలేదు.

ఇప్పుడు ఆదివారం గ్రూపులో ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు, సెకండియర్ పిల్లలు. చెప్పించే పని మా తమ్ముడిదే. షాపులో కూర్చునే కుర్రాడికి వారంవారం వాయిస్ మెసేజీలు వెళ్తూనే ఉన్నాయి. పోయినవారం అతను ఒక ప్రశ్న పంపాడు. షాపు లెక్కల కోసం పైథాన్‌లో ఏదో రాసుకుంటున్నాడట, ఒకచోట ఆగిపోయిందట. ఏం చెయ్యాలనుకున్నాడో, ఏం రాశాడో, ఏం వచ్చిందో అన్నీ వరసగా రాసి పెట్టాడు.

పిన్ని గాజులు పిన్ని చేతికే ఉన్నాయి.